ఆదిగంగ వెంట డ్రై డాకుల దారి

దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌కు పడమటి అంచున, ఆ పేటను అలీపూర్ నుంచి విడదీస్తూ పారే సన్నని నల్లని కాలువను స్థానికులు ఆదిగంగ అంటారు. గంగ సముద్రానికి చేరిన అసలు దారి ఇదేనన్న విశ్వాసం వల్లనే కాళీఘాట్ ఆలయానికి ఈ ఒడ్డు పుణ్యతీరమైంది. పూడిపోయిన ఈ పాయను 1775-77 ప్రాంతంలో మేజర్ విలియం టాలీ అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి తవ్వించి, దాని మీద నడిచే పడవల నుంచి సుంకం వసూలు చేసుకునే హక్కు సంపాదించాడు. అందుకే పటాల్లో దీనికి టాలీ నాలా అన్న పేరు నిలిచిపోయింది. కాళీఘాట్ మెట్ల మీద నిలబడి చూసేవారికి ఇది మురుగుకాలువలాగే కనిపిస్తుంది గానీ, హుగ్లీలో పోటు వచ్చినప్పుడు ఇందులోనూ నీరు పైకి ఎక్కుతుంది, పాటు వేళ బురద మేట బయటపడుతుంది. భవానీపూర్ ఇళ్ల వెనుక దాకా సముద్రపు ఊపిరి ఇప్పటికీ వస్తున్నదని దీన్ని చూస్తేనే తెలుస్తుంది. కలకత్తా పాత డ్రై డాకుల చరిత్రను కాలినడకన చదవదలచిన యాత్రికుడు ఈ కాలువ వెంట ఉత్తరంగా, ఆపైన పడమరగా నడిస్తే చాలు. అది హుగ్లీలో కలిసే చోటికి ఆనుకుని ఖిదిర్‌పూర్, దాని పక్కనే వాట్‌గంజ్, ఇంకా దిగువకు గార్డెన్‌రీచ్ వరుసగా ఎదురవుతాయి.

దారిలో మొదట వచ్చే అలీపూర్‌కు ఈ కథలో ఒక పాత్ర ఉంది. 1780 ఆగస్టు 17న గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌కూ, అతని కౌన్సిల్‌లోనే ప్రత్యర్థిగా ఉన్న ఫిలిప్ ఫ్రాన్సిస్‌కూ మధ్య పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం జరిగింది బెల్వెడేర్ భవనం పరిసరాల్లోనే. నేడు ఆ భవనం ఆవరణలో జాతీయ గ్రంథాలయం ఉంది. ఆనాటి ద్వంద్వయుద్ధ మర్యాద ప్రకారం ఇరుపక్షాలకూ ఒక్కొక్క సాక్షి ఉండగా, ఫ్రాన్సిస్ పక్షాన నిలబడినవాడు కర్నల్ హెన్రీ వాట్సన్. ఫ్రాన్సిస్ గాయపడి బతికాడు, కొంతకాలానికి ఇంగ్లండు వెళ్లిపోయాడు. వాట్సన్ మాత్రం తన పట్టుదలనంతా నదీతీరంలోని బురదనేల మీద పెట్టాడు. అతడు బెంగాల్‌లో కంపెనీ ముఖ్య ఇంజనీరు మాత్రమే కాదు, గణితంలో లోతైన ప్రవేశం ఉన్నవాడు. లియొనార్డ్ ఆయిలర్ ఓడల నిర్మాణం మీదా గమనం మీదా రాసిన శాస్త్రగ్రంథాన్ని ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి అనువదించి 1776లో ప్రచురించింది ఈయనే. పుస్తకంలో చదివిన సిద్ధాంతాన్ని ఆచరణలో చూసుకోవాలన్న తపన ఖిదిర్‌పూర్ డాకుల పుట్టుక వెనుక ఉన్నదని అనుకోవడానికి ఇంతకన్న ఆధారం అవసరం లేదు.

వాట్సన్ కోరింది రెండు రకాల డాకులు. ఓడ నీటిలో తేలుతూనే సరుకు దించుకోవడానికి, ఎక్కించుకోవడానికి వీలుగా నది పోటుపాట్లతో నిమిత్తం లేకుండా నీటిమట్టం నిలిపి ఉంచే పెద్ద మడుగు మొదటిది. దీన్ని వెట్ డాక్ అంటారు. రెండోది డ్రై డాక్. ఓడ పొడవునా దాని అడుగు ఆకారానికి తగినట్టు తవ్వి, గోడలను రాతితోనో ఇటుకతోనో మెట్లుమెట్లుగా కట్టి, నదివైపు మాత్రం తలుపు పెట్టిన పెద్ద గొయ్యి అది. పోటు వేళ తలుపు తీసి ఓడను లోపలికి లాగుతారు, తలుపు మూస్తారు, పాటు వేళ తూముల గుండా నీటిని నదిలోకి వదిలేస్తారు, తూములకు అందని అడుగు నీటిని తోడేస్తారు. నీరు తగ్గేకొద్దీ ఓడ నెమ్మదిగా కిందికి దిగి, గొయ్యి అడుగున ముందే వరుసగా పేర్చి ఉంచిన దిమ్మెల మీద తన కీల్‌ను, అంటే వెన్నుదూలాన్ని, ఆనించి కూర్చుంటుంది. అటూ ఇటూ ఒరిగిపోకుండా గోడల మెట్ల నుంచి ఓడ పక్కలకు దుంగలు ఊతంగా పెడతారు. మెట్లున్నది మనుషులు దిగడానికే కాదు, ఎంత వెడల్పు ఓడ వచ్చినా దానికి సరిపడే ఎత్తున దుంగ చివర ఆనడానికి చోటు ఉండాలని.

ఈ పనిలో అత్యంత ప్రమాదకరమైన ఘడియ ఒకటుంది. ఓడ వెనుకభాగం దిమ్మెలను తాకి, ముందుభాగం ఇంకా నీటిలో తేలుతున్నప్పుడు ఓడ స్థిరత్వం ఒక్కసారిగా తగ్గిపోతుంది, ఎందుకంటే అంతవరకూ నీరు సమంగా మోసిన బరువులో కొంత ఇప్పుడు కింద ఒకేచోట పడుతుంది. ఆ సమయంలో తోడడం ఆపి, తాళ్లు సరిచూసి, గజ ఈతగాళ్లను దింపి, కీల్ దిమ్మెల నడిమధ్యకు వచ్చిందో లేదో చూశాకే పని ముందుకు సాగిస్తారు. ఓడ ఏ ఎత్తున ఎక్కడ ఆనాలో చూపే పటం, అంటే డాకింగ్ ప్లాన్, ప్రతి ఓడకూ వేరుగా ఉంటుంది. దిమ్మెల పైభాగాన మెత్తని కలప వేస్తారు, ఓడ బరువుకు అది అణగి నలిగినా ఓడ అడుగు నలగకుండా. నీరంతా పోయాక కొయ్య ఓడల రోజుల్లో అడుగున పట్టిన గుల్లలను గీకి, పురుగు తొలిచిన పలకలను మార్చి, సందుల్లో నార కూరి తారు పూసేవారు. ఇనుప ఓడలు వచ్చాక తుప్పు గీకడం, రేకులు అతకడం, చుక్కానిని, ప్రొపెల్లర్‌ను విప్పి చూడడం ఆ స్థానంలోకి వచ్చాయి. ఓడ వయసుతోనూ దాని దేశంతోనూ పని లేకుండా, సముద్రం మీద తిరిగే ప్రతి ఓడా కొన్నేళ్లకొకసారి ఇలా గట్టు మీద కూర్చోవలసిందే.

వాట్సన్ 1780లో పనికి పూనుకున్నాడు. ఇక్కడ కట్టిన నాన్‌సచ్ అనే 36 ఫిరంగుల ఓడ 1781లో నీళ్లలోకి దిగింది, సర్‌ప్రైజ్ అనే 32 ఫిరంగుల ఓడ 1788లో. కానీ డాకులు ఆయన తలచినట్టు పూర్తికాలేదు. భూమిలో కొంత భాగం తమదంటూ ఖిదిర్‌పూర్ జమీందారు గోకుల్ ఘోషాల్ కుటుంబం వేసిన వ్యాజ్యం పనిని ఆపింది, ఖర్చు లక్షల్లో పెరిగింది, వాట్సన్ 1786లో తిరిగి ఇంగ్లండు చేరీ చేరకుండానే మరణించాడు. వాట్‌గంజ్ అన్న వీధిపేరులో తప్ప ఆయన ఆనవాలు నేడు పెద్దగా కనిపించదు. ఆ వ్యాజ్యంలో ఎదుటివారైన ఘోషాల్‌ల జాడ మాత్రం నిలిచే ఉంది: గోకుల్ అన్న కొడుకు జయనారాయణ్ ఘోషాల్ కట్టించిన భూకైలాస్ రాజబాడీ ఆవరణలో, చెరువు గట్టున, జంట శివాలయాల్లో మనిషి ఎత్తును మించిన నల్లరాతి లింగాలు ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. డాక్ రోడ్డు మీది లారీల రద్దీని దాటి అక్కడికి వెళ్లే యాత్రికుడికి ఒక్క సంగతి బోధపడుతుంది. ఈ నేల మీద కంపెనీ ఇంజనీరుకు ఎదురునిలిచి కోర్టుకెక్కగల స్థానికులు అప్పటికే ఉన్నారు. ఖిదిర్‌పూర్ చరిత్ర అంటే ఇంగ్లీషువాళ్ల చరిత్ర మాత్రమే అనుకోవడం పొరపాటు.

ఆ మాటకు ఇంకా గట్టి ఉదాహరణ కిడ్ సోదరులు. జనరల్ అలెగ్జాండర్ కిడ్‌కు భారతీయ స్త్రీ వల్ల కలిగిన జేమ్స్, రాబర్ట్ కిడ్‌లు మిశ్రమ సంతానమైనందువల్ల కంపెనీ పెద్ద కొలువులకు దూరమై, ఓడల నిర్మాణం నేర్చుకున్నారు. కంపెనీ ప్రధాన ఓడనిర్మాత వాడెల్ వద్ద శిష్యరికం చేసి, ఆయన విరమించాక 1807లో ఖిదిర్‌పూర్ యార్డును తమ చేతుల్లోకి తీసుకున్నారు. వాళ్ల చేతుల్లోనే వాట్సన్ కల నిజమయింది. 74 ఫిరంగుల హేస్టింగ్స్ యుద్ధనౌక 1818లో ఇక్కడి నుంచే నీళ్లకు దిగి, మరుసటి ఏడాది బ్రిటిష్ రాజనౌకాదళంలో చేరింది. 1823లో డయానా అనే చిన్న ఆవిరి పడవను కూడా ఈ యార్డే దించింది. ఇంగ్లండులో మోడ్స్‌లే కార్ఖానాలో చేసిన యంత్రాలను ఇక్కడి కొయ్యశరీరంలో అమర్చారు. మరుసటి సంవత్సరం మొదలైన బర్మా యుద్ధంలో ఇరావతి నది మీద గాలితో పని లేకుండా ఎదురేగిన ఆ పడవ, ఆసియాలో ఆవిరినౌక యుద్ధానికి వెళ్లిన తొలి సందర్భాల్లో ఒకదానికి సాక్షి. 1781 నుంచి 1821 వరకు హుగ్లీ తీరంలో 237 ఓడలు తయారయ్యాయని ఆనాటి లెక్కలు చెబుతాయి. నదికి ఆవలి ఒడ్డున, హౌరా సల్కియాలో 1796 నాటికే డాకు వెలిసింది. ఇంతటి పరిశ్రమ మందగించడానికి మెరుగైన ఓడలు కట్టలేకపోవడం కారణం కాదు; భారతదేశంలో కట్టిన ఓడలకూ వాటిని నడిపే లాస్కర్లకూ, అంటే భారతీయ నావికులకూ, ఇంగ్లండు చట్టాలు పెట్టిన ఆంక్షలూ, ఆపైన ఇనుము, ఆవిరి రావడమూ కారణం. జేమ్స్ కిడ్ 1836లో చనిపోగా, మరుసటి ఏడాది యార్డును ప్రభుత్వం కొన్నది.

ఈ ఓడల కలప వెనుక తెలుగు నేల కూడా ఉంది. కలకత్తా ఓడలకు టేకు ఎక్కువగా పెగూ నుంచి వచ్చేది గానీ, బంగాళాఖాతానికి ఈ వైపున మంచి టేకు దొరికేది రాజమహేంద్రవరానికి ఎగువన గోదావరి కొండల్లో. దాన్ని నది మీద తెప్పలుగా దించి కోరంగి రేవులో ఓడలు కట్టేవారు. సామర్లకోట వద్ద తోట పెంచి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ గోదావరి టేకు గురించి రాశాడు. 1793లో ఆయన బదిలీ అయి వచ్చింది ఖిదిర్‌పూర్‌కు దిగువన, హుగ్లీ ఆవలి ఒడ్డున శివ్‌పూర్‌లో ఉన్న కంపెనీ వృక్షోద్యానానికే. 1787లో ఆ తోటను స్థాపించిన కర్నల్ రాబర్ట్ కిడ్, జనరల్ అలెగ్జాండర్‌కు బంధువు. ఓడలకు పనికివచ్చే టేకును బెంగాల్‌లోనే పెంచాలన్నది ఆయన ఆశల్లో ఒకటి. ఆ ఆశ ఫలించలేదు.

కోరంగికి కూడా డ్రై డాక్ ఉండేది. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషు వ్యాపారి దాన్ని కట్టించాడు. గోదావరి పాయ మొగలో, నైరుతి ఋతుపవనాల హోరుకు చాటుగా ఉన్న ఆ నీళ్లలో పెద్ద ఓడలు బాగుచేయించుకునేవి. అక్కడి నుంచి రంగూన్‌కు వెళ్లిన తెలుగు కూలీలనూ కళాసీలనూ బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1789 డిసెంబరులోనూ 1839 నవంబరులోనూ ఉప్పెనలు ఆ రేవును ముంచెత్తాయి. కలకత్తాలో నౌకాప్రమాదాల విచారణాధికారిగా పనిచేస్తూ తుపానుల సుడితిరుగుడును అధ్యయనం చేసి, 1848లో సైక్లోన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్ రచనల్లో కోరంగి ఉప్పెన ప్రస్తావన ఉంది. ఉప్పెన ఒక్కటే అయితే కోరంగి లేచి నిలబడేదేమో. నిజానికి దాన్ని చంపింది గోదావరి ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు. డాకు నేడు లేదు, రేవు లేదు. ఆ పాయల మధ్య ఉన్నది మడ అడవుల అభయారణ్యం. హుగ్లీ తెచ్చే ఒండ్రు గోదావరి ఒండ్రుకు తీసిపోదు. మరి ఖిదిర్‌పూర్ ఎలా నిలిచింది అన్నది ఈ యాత్రలో తెలుగు యాత్రికుడు అడగవలసిన ప్రశ్న.

నిలవడానికి మొదటి కారణం ఒక తుపానే. 1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపానులో రేవులో ఉన్న 195 ఓడల్లో ఏ దెబ్బా తగలనివి 23 మాత్రమే. నదిలో లంగరు వేసి ఉన్న ఓడలు గొలుసులు తెంచుకుని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఒడ్డుకెక్కాయి. నడినదిలో ఓడలను నిలపడం ఎంత ప్రమాదమో నాటి ప్రభుత్వానికి అర్థమైంది. 1870లో ఓడరేవు కమిషనర్ల సంస్థ ఏర్పడింది. చివరికి 1892లో ఖిదిర్‌పూర్ డాకులో ఓడలు ప్రవేశించాయి. దీనికి ద్వారం లాక్ పద్ధతిది: రెండు తలుపుల మధ్య గది వంటి జలభాగంలోకి ఓడ రాగానే వెనుక తలుపు మూసి, నీటిమట్టాన్ని లోపలి మడుగుతో సమం చేసి, ముందు తలుపు తీస్తారు. లోపల నీరు తగ్గిపోకుండా నది నుంచి తోడి నింపుతుంటారు. ఆ మడుగును ఆనుకుని మూడు డ్రై డాకులు వెలిశాయి. 1920ల చివర దిగువన గార్డెన్‌రీచ్ వైపు కట్టిన కింగ్ జార్జ్ డాకులో మరో రెండు చేరాయి. ఆ డాకుకు నేడు నేతాజీ సుభాష్ పేరు ఉండడం భవానీపూర్ నుంచి బయలుదేరిన యాత్రికుడికి ప్రత్యేకంగా తోస్తుంది, ఎందుకంటే 1941 జనవరిలో సుభాష్ చంద్ర బోస్ గృహనిర్బంధం నుంచి తప్పించుకుని వెళ్లిన ఎల్గిన్ రోడ్డు ఇల్లు ఆ పేటలోదే. 1943 డిసెంబరు 5న ఖిదిర్‌పూర్ డాకుల మీద జపాన్ విమానాలు పట్టపగలు బాంబులు వేసినప్పుడు చనిపోయినవారిలో ఎక్కువమంది సరుకు మోసే కూలీలు. వారి పేర్లు ఏ చరిత్రలోనూ సరిగా నమోదు కాకపోవడం బాధాకరం.

రెండో కారణం, అసలు కారణం, ఆగని తవ్వకం. సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న ఈ రేవుకు ఓడను తేవడమంటే ఇసుకతిన్నెల మధ్య పైలట్ల చేతికి దాన్ని అప్పగించడమే. డ్రెడ్జర్లు పూడికను ఏడాది పొడవునా తోడుతూనే ఉండాలి. ఎగువ నుంచి మంచినీటి ఉరవడి చాలక నది మరింత పూడుతున్నదన్న ఆందోళనతోనే ఫరక్కా వద్ద ఆనకట్ట కట్టి, 1975లో గంగనీటిని ఇటు మళ్లించారు. పెద్ద ఓడల కోసం 1977లో దిగువన హల్దియా డాకు మొదలైంది. ఖిదిర్‌పూర్‌కు ఓడలు తగ్గాయి, ఉన్నవి చిన్నవయ్యాయి. డ్రై డాక్ విషయంలో ఒండ్రు మరీ కఠినమైన శత్రువు. తలుపు కూర్చునే గాడిలో ఇంత బురద పేరినా తలుపు సరిగా ఆనదు, సందులోంచి నీరు కారుతుంది, లోపల పనిచేసేవాళ్లు మోకాటిలోతు బురదలో నిలబడతారు. వాడని డాకు కొన్నేళ్లలో చెరువవుతుంది.

ఆ దశలో మరమ్మతు ప్రయత్నాలు రెండు చోట్ల జరిగాయి. 2018లో నేతాజీ సుభాష్ డాకులోని ఓడల మరమ్మతు సదుపాయాలను నడిపే బాధ్యతను కేరళలోని కొచ్చిన్ షిప్‌యార్డు ఓడరేవు సంస్థతో ఒప్పందం చేసుకుని స్వీకరించింది. ఆవలి ఒడ్డున హౌరాలో, 1819 నాటి మూలాలున్న హుగ్లీ డాక్ అండ్ పోర్ట్ ఇంజనీర్స్ సంస్థ 1984లో జాతీయమై, నష్టాల్లో మునిగి దాదాపు పని ఆగిన స్థితికి చేరగా, 2017లో కొచ్చిన్ షిప్‌యార్డుతో కలిసి హుగ్లీ కొచ్చిన్ షిప్‌యార్డు ఏర్పడింది; 2019లో అది పూర్తిగా కొచ్చిన్ సంస్థదయింది. నాజిర్‌గంజ్‌లోని పాత యార్డును కొత్తగా తీర్చిదిద్ది 2022 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. మధ్యలో గార్డెన్‌రీచ్‌లో 1884లో నదీ ఆవిరిపడవల మరమ్మతు కార్ఖానాగా మొదలై, 1961లో స్వతంత్ర భారతంలో కట్టిన తొలి యుద్ధనౌక ఐఎన్‌ఎస్ అజయ్‌ను నౌకాదళానికి అందించిన సంస్థ ఎడతెగకుండా పనిచేస్తూనే ఉంది.

ఈ పునరుద్ధరణలను చూసినప్పుడు ఒక పాత ఆలయాన్నో కోటనో బాగుచేయడంతో వీటిని పోల్చడం సరికాదనిపిస్తుంది. కోట గోడను నిలబెడితే పని పూర్తయినట్టే. డాకు గోడను ఎంత అందంగా అతికినా తలుపు మూసుకోకపోతే, పంపులు నడవకపోతే, దిమ్మెలు పేర్చడం తెలిసిన మనిషి లేకపోతే అది గొయ్యి మాత్రమే. బాగుచేసేవారు మొదట ఒండ్రు తోడాలి, తలుపు కింది గాడిని శుభ్రం చేసి దాని అంచు రబ్బరునో కలపనో మార్చాలి, గోడల వెనుక నుంచి ఊరే నీటిని కట్టడి చేయాలి, పంపులను కొత్తవి చేయాలి. అప్పుడే ఒక ఓడను తెచ్చి కూర్చోబెట్టి, తలుపు నిలుస్తుందో లేదో చూడాలి. పాత రాతిమెట్లను కాపాడాలా, కాంక్రీటుతో కప్పేయాలా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మెట్ల చోటును కాంక్రీటు మింగేస్తే గొయ్యి ఇరుకవుతుంది. అంటే చరిత్ర మీద మక్కువ లేనివారికి కూడా పాత మెట్లను ఉన్నవి ఉన్నట్టు అతకడమే లాభం. వారసత్వానికీ వాడుకకూ ఇలా పొత్తు కుదిరే చోట్లు అరుదు, దాన్ని వదులుకోకూడదు.

తెలుగు పాఠకుడికి ఈ విషయం మరోవిధంగా కూడా దగ్గరిది. సింధియా స్టీమ్ నేవిగేషన్ కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ తన ఓడల కార్ఖానాకు మొదట కోరుకున్నది కలకత్తానే. ఇక్కడి ఓడరేవు కమిషనర్లతో షరతులు కుదరకపోవడం వల్ల ఆయన విశాఖపట్నం వైపు తిరిగాడు. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ అక్కడ శంకుస్థాపన చేయగా, 1948 మార్చి 14న జలఉష అనే ఓడను జవహర్‌లాల్ నెహ్రూ నీళ్లకు దించాడు. 1952లో అదే హిందుస్థాన్ షిప్‌యార్డయింది. హుగ్లీ చేజార్చుకున్న కార్ఖానా వల్ల కోరంగి మూగబోయిన చాలాకాలానికి తెలుగు తీరంలో మళ్లీ ఓడల సుత్తిదెబ్బలు మొదలయ్యాయి. తేడా ఏమిటంటే, విశాఖ కొండచాటు రేవు, ఒండ్రు బెడద తక్కువ. కోరంగికి దక్కని అదృష్టం అదే.

ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర ఓడ లాక్‌లోకి వచ్చే వేళ, రోడ్డు మధ్య భాగం పైకి లేచి, బస్సులు, చేతిబళ్లు రెండు వైపులా ఆగిపోతాయి. యాత్రికుడు డాకు ప్రాంగణంలోకి అనుమతి లేకుండా పోలేడు గనుక, పోటు సమయం ముందుగా తెలుసుకుని ఆ వంతెన దగ్గరికి వెళ్లడమే అన్నింటికన్న మేలు. వాట్సన్ బురద నుంచి ఏమి తీయదలచాడో అక్కడ కళ్లకు కడుతుంది. అక్కడి నుంచి వాట్‌గంజ్‌లోకి నడిచేటప్పుడు కిడ్‌ల యార్డు స్థలాన్ని గుర్తుచేసే ఒక రాతిఫలకమైనా కంటికి ఎదురైతే బాగుండునని అనిపిస్తుంది. హేస్టింగ్స్‌నూ డయానానూ కన్న చోటికి అంతమాత్రం గౌరవం చెల్లించడం ఓడరేవు సంస్థకు భారం కాదు. అలాగే ఆదిగంగ పూడికను తీసే పని మొదలైన ప్రతిసారీ మధ్యలో ఆగకుండా, భవానీపూర్ మెట్ల దాకా పడవ వచ్చేటంత లోతు నిలిపితే, కాళీఘాట్ నుంచి డాకుల దాకా ఈ దారిని మళ్లీ నీటి మీదే చూడవచ్చు.